నవ తగ్గితే తామర తగ్గినట్టు కాదు: అపోహలు - వాస్తవాలు

నేను అనంతపురంలో చర్మవ్యాధుల డాక్టర్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో నలిగిపోయిన ట్యూబు ఒకటి ఉంటుంది. "ఇది రాస్తే రెండు రోజుల్లో నవ పోతుంది సార్, మానేస్తే మళ్లీ లేస్తుంది. ఇంకా పవర్ ఉన్నది రాసివ్వండి" అంటారు. రాయదుర్గం జీన్స్ యూనిట్లలో పొద్దంతా మిషన్ ముందు కూర్చునే కుర్రాళ్లు, శెనక్కాయ చేలల్లో చెమటోడ్చే ఆడవాళ్లు, హాస్టల్ పిల్లలు... అందరిదీ ఇదే మాట.

అపోహ: నవ వెంటనే ఆపేదే మంచి క్రీము.

వాస్తవం: తామర ఫంగస్ వల్ల వస్తుంది. అది చర్మం పైపొరను తింటూ గుండ్రంగా పాకుతుంది. అందుకే అంచు ఎర్రగా, పొట్టు రేగి ఉంటుంది, నడుమ చర్మం మామూలుగా కనిపిస్తుంది. ఆ ఎరుపు, ఆ నవ ఫంగస్ మీద మన ఒళ్లు చేసే పోరాటం. అడగ్గానే షాపులో ఇచ్చే చాలా ట్యూబుల్లో ఫంగస్ మందుతో పాటు క్లోబెటాసాల్, బీటామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని అణిచేస్తుంది. నవ పోతుంది, ఫంగస్ మాత్రం నిశ్చింతగా పెరుగుతుంది. కొన్ని వారాలకు ఉంగరంలో ఉంగరంలా మచ్చలు లేస్తాయి, లేదా అంచులే చెరిగిపోతాయి. అప్పుడు మాకు కూడా చూడగానే పోల్చుకోవడం కష్టం, పొట్టు గీరి మైక్రోస్కోపు కింద చూడాల్సి వస్తుంది.

గజ్జల్లో చర్మం పలచన. అక్కడ ఈ క్రీములు నెలల తరబడి రాస్తే చారలు పడతాయి. ఇంటర్ చదివే కొడుకు తొడల మీద చారలు చూపించి ఒకమ్మ "ఇవి ఎప్పటికి పోతాయి సార్?" అని అడిగింది. పూర్తిగా పోవని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఈ క్రీములను 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. దయచేసి ట్యూబు మీద మందుల పేర్లు చదవండి.

తామరకు మందు వారాల తరబడి వాడాలి, మచ్చలు పోయాక కూడా డాక్టర్ చెప్పినన్నాళ్లు. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లకూ వైద్యం జరగాలి. తువ్వాలు ఎవరిది వారిదే. చెమట బట్టలు వెంటనే మార్చాలి.

అపోహ: మానగానే ఎక్కువైందంటే ఆ క్రీము నాకు అవసరమనే కదా.

వాస్తవం: కాదు. తెల్లబడాలని ముఖానికి స్టెరాయిడ్ క్రీము నెలల తరబడి రాసుకున్న అమ్మాయిల్లో దీన్ని ఎక్కువగా చూస్తున్నాను. మానిన కొన్ని రోజుల్లోనే ముఖం ఎర్రబడుతుంది, మండుతుంది, మొటిమలు లేస్తాయి, ఎండలోకి పోలేరు. భయపడి మళ్లీ రాస్తారు, చల్లబడుతుంది, అలా అలవాటు ముదురుతుంది. ఇది మందు మానడం వల్ల వచ్చే బాధ. సాధారణంగా ఇందులో నవ కంటే మంట ఎక్కువ, ఎరుపు క్రీము రాసిన మేరకంతా పరుచుకుంటుంది, తామరలా గుండ్రటి అంచు ఉండదు. తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ రోజులు గడవడానికి మందులున్నాయి, ఒంటరిగా భరించొద్దు. వచ్చేటప్పుడు వాడిన ట్యూబులన్నీ తీసుకురండి, ఖాళీవైనా సరే. మిమ్మల్ని తిట్టడానికి కాదు, ఏం వాడారో తెలిస్తేనే దారి దొరుకుతుంది.

స్టెరాయిడ్ మాత్రల సంగతి వేరు. మూడు వారాలకు మించి వాడినవాళ్లు ఒక్కసారిగా మానకూడదు. అన్నాళ్లు బయటి నుంచి అందడంతో ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది. హఠాత్తుగా ఆపితే నీరసం, తల తిరగడం, వాంతులు, కీళ్ల నొప్పులు వస్తాయి, బీపీ పడిపోయి ప్రాణం మీదికీ రావచ్చు. డోసు మెల్లగా తగ్గించాలి, అదీ డాక్టర్ చెప్పిన లెక్కలో.

అపోహ: గజ్జి శుభ్రం లేనివాళ్లకే వస్తుంది.

వాస్తవం: రోజుకు రెండుసార్లు స్నానం చేసేవాళ్లకూ వస్తుంది. కంటికి ఆనని పురుగు చర్మంలో సొరంగం చేసి గుడ్లు పెడుతుంది. రాత్రి నవ, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ పొక్కులు, ఇంట్లో మరొకరికీ అదే బాధ: ఇవి ఉంటే గజ్జినే అనుమానించాలి. పెర్మెత్రిన్ 5 శాతం క్రీమును అందరూ ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ల దాకా రాసుకుని పొద్దున స్నానం చేయాలి, వారం తర్వాత మరోసారి ఇలాగే. పసిపిల్లలకు, గర్భిణులకు మాత్రం డాక్టర్‌ని అడిగాకే. పురుగు చచ్చినా రెండు నుంచి నాలుగు వారాలు నవ ఉండొచ్చు. మందు పనిచేయలేదని రోజూ రాయకండి.

అపోహ: అక్కి నడుము చుట్టూ తిరిగి కలిస్తే మనిషి బతకడు.

వాస్తవం: చిన్నప్పుడు అమ్మవారు (చికెన్‌పాక్స్) పోసిన వైరస్ నరంలో నిద్రపోయి, ఏళ్ల తర్వాత లేస్తే అది అక్కి. ఒక నరం వెంట, ఒంటికి ఒక పక్కనే వస్తుంది కాబట్టి చుట్టూ కలవడం దాదాపు జరగదు. జాజు పూయించుకుంటూ ఉంటే దాటిపోయేది సమయం. పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితే మేలు ఎక్కువ. పెద్దవాళ్లను నెలల తరబడి నిద్రపోనివ్వనిది ఆ తర్వాత మిగిలే నరాల నొప్పే. నుదుటి మీదో కంటి దగ్గరో పొక్కులు కనిపిస్తే అదే రోజు కంటి డాక్టర్‌కు కూడా చూపించాలి.