పట్నంలో మధ్యాహ్న భోజనం: మెస్ నడిపే మనిషి చెప్పే అపోహలు – వాస్తవాలు

విజయనగరంలో మెస్ నడుపుతున్నాను. మా దగ్గర రోజూ తినేవాళ్ళు ఆస్పత్రి పనిమీదో, పిల్లల కౌన్సెలింగ్‌కో, పెళ్ళి బట్టలకో విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై, భువనేశ్వర్ వెళ్తుంటారు. వెళ్ళేముందు చెయ్యి కడుక్కుంటూ అడిగే మాట ఒకటే: "అక్కడ భోజనం ఎక్కడ బాగుంటాది బావూ?" ఏదో ఒక హోటల్ పేరు చెప్పమని వాళ్ళ ఉద్దేశం. నేను పేర్లు చెప్పను. ఏ హోటల్ అన్నది తర్వాతి సంగతి. మీరు ఎన్ని గంటలకి వెళ్తున్నారు, ఆ వేళకి అక్కడి గుండిగలు ఎంత తొందరగా ఖాళీ అవుతున్నాయి అన్నదే ముందు చూడాలి. ఈ లెక్క పట్టుకుంటే తెలియని ఊళ్ళో కూడా మంచి భోజనం దొరుకుతుంది. పట్టుకోనివ్వకుండా అడ్డుపడే నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: జనం ఎక్కువున్న హోటలే మంచి హోటల్.

సగం నిజం. ఏ జనం అన్నది చూడాలి. బస్టాండు ఎదురుగా, స్టేషను బయట కూర్చున్నవాళ్ళు ఒక్కసారి తిని బస్సెక్కేసే జనం. వాళ్ళు మళ్ళీ రారని ఓనరుకి తెలుసు. అదే రెండు వీధులు లోపలికి వెళ్తే బ్యాంకు ఉద్యోగులు, కోర్టు గుమస్తాలు, మెడికల్ రెప్పులు, మందుల షాపు కుర్రాళ్ళు తినే చోటు ఒకటుంటుంది. వాళ్ళు రేపూ రావాలి. ఇవాళ సాంబారు నీళ్ళగా ఉంటే రేపు కౌంటరు దగ్గర ఓనరే మాట పడాలి. నెలవారీ టోకెన్లు చించి ఇచ్చేవాళ్ళు నలుగురు కనబడితే నేను ఇంకేం ఆలోచించను, వెళ్ళి కూర్చుంటాను.

ఇంకో గుర్తు చెబుతాను. లోపలికి అడుగుపెట్టగానే మెనూ బోర్డు వైపు కాదు, తిని లేచినవాళ్ళ ఆకుల వైపు చూడండి. కూరలు ఊడ్చుకుపోయి చివర్లో గుప్పెడు అన్నం మిగిలితే వంట బాగున్నట్టు. అన్నం అయిపోయి కూర అలాగే ఉండిపోతే ఊరగాయతో లాగించేశారని అర్థం. సాంబారుతోనే సగంమంది లేచిపోతున్నారంటే ఆ పెరుగు పులిసిందో, పలచబడిందో అయ్యుంటుంది. డెలివరీ కుర్రాళ్ళు బయట బారులు తీరి ఉన్నా అది మన లెక్కలోకి రాదు. వాళ్ళు వచ్చింది పార్సిల్ బిర్యానీ కోసం, మీరు తినబోయేది భోజనం.

అపోహ: ఫోన్‌లో నాలుగు స్టార్లు దాటాయి, ఇక చూసేదేం లేదు.

స్టార్లు హోటల్‌కి ఇస్తారు, పప్పుకి ఇవ్వరు. ఏసీ బాగుందని ఒకరు, కారు పెట్టుకోడానికి చోటుందని ఒకరు, పుట్టినరోజు కేకు కోయనిచ్చారని ఇంకొకరు ఇస్తారు. మా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతేమిటంటే రుచి వంట మేస్త్రి చేతిలో ఉంటుంది. జీతం దగ్గర మాటా మాటా వచ్చి మేస్త్రి పక్క వీధికి మారిపోతే ఆ మర్నాడే చారు మారిపోతుంది. ఫోన్‌లో స్టార్లు మాత్రం ఏడాది గడిచినా అలాగే వెలుగుతుంటాయి.

అయినా ఫోన్ పనికిరాదని కాదు. రివ్యూల్లో 'మీల్స్' అని కొట్టి వెతకండి, కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకోండి. ఓనరు పెట్టిన ఫోటోలు వదిలేసి తిన్నవాళ్ళు పెట్టినవి చూడండి. ఏ నెల ఫోటో చూసినా అదే బంగాళాదుంప వేపుడు, అదే క్యాబేజీ అయితే అక్కడ మార్కెట్‌కి వెళ్ళేవాడికి బద్ధకం. ఎండాకాలంలో మామిడికాయ పప్పు, చలికాలంలో చిక్కుడుకాయ కనబడుతున్నాయంటే పొద్దున్నే సంచి పట్టుకుని ఎవరో బజారుకి వెళ్తున్నారన్నమాట.

అపోహ: రద్దీ తగ్గాక రెండు దాటి వెళ్తే హాయిగా తినొచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మాలాంటి చోట పదిన్నర, పదకొండుకల్లా పప్పు, పులుసు దిగిపోతాయి. మొదటి వాయి అన్నం పదకొండున్నర దాటాక దిగుతుంది. పన్నెండుంబావు నుంచి ఒంటిగంట దాకా అన్నీ ఉంటాయి, అన్నీ వేడిగా ఉంటాయి, వేపుడు ఇంకా మెత్తబడదు. ఒంటిగంటకి రెండో వాయి అన్నం వస్తుంది కానీ కూరలకి రెండో వాయి ఉండదు. రెండున్నరకి బేసిన్లు అడుగంటుతాయి. అప్పుడు వచ్చినవాడికి కొత్తగా కూర వండితే గిట్టదు, లేదని పంపేస్తే వచ్చిన బేరం పోతుంది. ఆ మధ్యలో పుట్టేవే సాంబారులో వేడినీళ్ళు, పప్పులో ఇంకాస్త ఉప్పూకారం, వేపుడు స్థానంలో నాలుగు వడియాలు. మోసం అననుగానీ, మొదట్లో తిన్నవాడూ మీరూ అదే డబ్బు కడతారు.

రుచి పోతే పోయింది, ఒంటికి పడకపోతే కష్టం. బయట తినేటప్పుడు అందరి అనుమానమూ మాంసం మీదే ఉంటుంది, అన్నాన్ని ఎవరూ అనుమానించరు. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. అవి ఉడికించినా చావవు. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి పడి ఉంటే ఆ బీజాలు మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ అన్నాన్ని మళ్ళీ వేడిచేసినా వాంతులు తెప్పించే ఆ విషం పోదు. వేడిగా వడ్డించే వంటకాన్ని 60 డిగ్రీలకి తగ్గకుండా ఉంచాలని ఆహార భద్రత నియమం పెట్టింది ఇలాంటివాటి కోసమే. మన దగ్గర థర్మామీటరు ఉండదు. అన్నం పడగానే ఆవిరి వస్తోందా, మధ్యలో వేలు పెడితే చురుక్కుమంటోందా చూసుకుంటే చాలు. పైన వేడి, లోపల చల్లటి ముద్ద తగిలితే మొహమాటపడకుండా మార్చమనండి.

రైలు ఆలస్యమై మూడుకి దిగారనుకోండి. భోజనం జోలికి వెళ్ళొద్దు. అట్టో, పూరీయో, పరోటాయో, మీ కళ్ళముందు పెనం మీంచి దిగేది చెప్పుకోండి. ఫ్రైడ్ రైస్ మాత్రం ఆ టైములో వద్దు. అందులో పడేది ఏ పూట అన్నమో చెప్పలేం.

అపోహ: తక్కువ తినాలని హోటళ్ళలో అన్నంలో సోడా వేస్తారు.

ఇది మా మెస్సులో కూర్చునే నా ముందు అంటారు. సోడా వేస్తే అన్నం పసుపు రంగుకి తిరుగుతుంది, జావలా అవుతుంది. పని తెలిసిన మేస్త్రి ఎవడూ వేయడు. శనగలు, బఠాణీల్లాంటివి తొందరగా ఉడకడానికి చిటికెడు వేయడం ఉంది, అది వేరే మాట. హోటల్ అన్నం కడుపులో బరువుగా ఉండడానికి కారణాలు మామూలువే. ఇంట్లో కంటే ఎక్కువ తింటారు, గబగబా తింటారు, వేపుళ్ళలో నూనె ఎక్కువ పడుతుంది.

అపోహ: అన్‌లిమిటెడ్ అయితేనే గిట్టుబాటు.

ఎవరికి గిట్టుబాటో చెబుతాను. అన్‌లిమిటెడ్‌లో చాలాచోట్ల మారు తిరిగేది అన్నం, సాంబారు, చారు. అవి మాకు చవకగా పడతాయి. వేపుడు, స్వీటు రెండోసారి ఆ దారిన రావు. ఒంటరిగా వెళ్ళినవాళ్ళు, పెద్దవాళ్ళు ప్లేట్ మీల్స్ తీసుకుని ఒక కూర ఎక్స్‌ట్రా చెప్పుకుంటే తక్కువలో బాగా తింటారు. పేషెంటుతో వారం రోజులు ఉండాల్సినవాళ్ళకి గదిలో చిన్న కుక్కర్ ఉంటే అన్నం వండుకుని కర్రీ పాయింట్‌లో కూరలు తెచ్చుకోవడం అన్నిటికంటే నయం. అదీ పన్నెండున్నరలోపే.

అపోహ: ఏసీ ఉంటే శుభ్రం, తోపుడు బండి అంటే రోగం.

ఏసీ గదిలో కూర్చున్నవాడికి వంటగది కనబడదు. బండి దగ్గర అంతా కళ్ళముందే ఉంటుంది. సలసల కాగుతున్న నూనెలోంచి వచ్చిన దానికి నేను భయపడను, పక్కన బకెట్టులో ప్లేట్లు ముంచి తీసే నీళ్ళకి భయపడతాను. ఏసీ అయినా బండి అయినా అనుమానించాల్సినవి ఉడకనివి: కోసిపెట్టిన ఉల్లిపాయలు, పచ్చి చట్నీలు, పెరుగుపచ్చడి, ఐసు. నూనె నల్లబడి, నురగ కట్టి, పొగ కక్కుతుంటే అక్కడినుంచి లేవండి. వాడిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ (నూనె పదేపదే కాగితే పుట్టే పాడు పదార్థాలు) 25 శాతం దాటితే ఆ నూనె ఇక వాడకూడదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది.

ప్రతి హోటల్‌కీ ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) వారి 14 అంకెల లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, జనానికి కనబడేలా పెట్టాలి. 2022 జనవరి నుంచి బిల్లు మీద కూడా ఆ నంబరు వేయాలి. నంబరుంటే వంట రుచిగా ఉంటుందని కాదు, తేడా వస్తే ఫిర్యాదు చేయడానికి ఒక అడ్రసు ఉంటుంది.

అపోహ: ఆటో అతన్ని అడిగితే చాలు.

కొన్నిచోట్ల ఆటోవాళ్ళకి హోటళ్ళతో కమీషన్ మాట ఉంటుంది. అందరూ అలా కాదు. అసలు తేడా అడిగే తీరులో ఉంది. "ఇక్కడ మంచి హోటల్ ఏది?" అంటే ఎవరైనా పెద్ద పేరే చెబుతారు, మీ బట్టలు చూసి చెబుతారు. "అన్నా, మీరు మధ్యాహ్నం ఎక్కడ తింటారు?" అని అడగండి. జిరాక్సు షాపులో, బ్యాంకు సెక్యూరిటీ దగ్గర, ఆస్పత్రిలో అయితే పదిరోజులుగా ఉంటున్న పేషెంటు తాలూకు మనిషి దగ్గర. "క్యారేజీ తెచ్చుకుంటాం, తేని రోజు మాత్రం ఆ సందులో…" అని మొదలుపెడితే ఆ సందు పట్టుకోండి. ఆదివారం మాత్రం ఈ చిట్కా పనిచేయదు. ఆఫీసుల మీద బతికే మెస్సులు ఆ రోజు మూసేస్తాయి.

అపోహ: అయిదు రూపాయల క్యాంటీన్ మనలాంటివాళ్ళకి కాదు.

ఎవరైనా తినొచ్చు, రేషన్ కార్డు అడగరు. మన రాష్ట్రంలో అన్న క్యాంటీన్లు 2018లో మొదలై, మధ్యలో ఆగి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్నాయి. హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ అయిదు రూపాయల భోజనం 2014 నుంచి ఉంది. ఇలాంటిచోట భోజనాలు లెక్కప్రకారం వస్తాయి కాబట్టి ఆలస్యంగా వెళ్తే దొరకవు. నా వ్యాపారానికి పోటీయే అయినా చెబుతున్నాను, ఎక్కువసేపు నిలవ ఉండని వంట కావాలంటే అదీ ఒక దారే.

అపోహ: 'ఆంధ్రా మీల్స్' బోర్డు ఉంటే మన ఇంటి రుచే.

హైదరాబాద్‌లో, చెన్నైలో ఆ బోర్డు కింద ఎక్కువగా దొరికేది గుంటూరు, కృష్ణా వైపు వంట. గోంగూర, కందిపొడి, నెయ్యి, చురుక్కుమనే కారం. మంచి భోజనమే, కానీ బెల్లం వేసిన పులుసు, ఆవ పెట్టిన కూర, నువ్వుల పొడి కోసం ఎదురుచూస్తే నిరాశే. ఏ ఊరు వెళ్తే ఆ ఊరు రోజూ వండేది తినడం మేలు, ఎందుకంటే ఖాళీ అయ్యేది అదే. హైదరాబాద్‌లో బిర్యానీ తినాలంటే మధ్యాహ్నం హండీ మూత తీసిన కొత్తలోనే తినాలి. చెన్నైలో పప్పు కోసం వెతక్కుండా కూటు (పప్పు వేసి ఉడికించిన కూర), పొరియల్ (వేపుడు కూర), వత్తకుళంబు (చింతపండు పులుసు), రసం అని వెళ్ళండి. ఒక్క జాగ్రత్త: అక్కడ చాలాచోట్ల ఉప్పుడు బియ్యం వండుతారు, అలవాటు లేనివాళ్ళకి గట్టిగా అనిపిస్తుంది. "పచ్చరిసి" ఉందా అని అడగండి. ఢిల్లీ వెళ్ళినవాళ్ళకి అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది, నేను పేరుపెట్టి చెప్పేది అదొక్కటే.

విచిత్రం ఏమిటంటే, ఇచ్ఛాపురం, సోంపేట, పలాసవాళ్ళు వైద్యానికి బరంపురమో భువనేశ్వరమో వెళ్ళి అక్కడ కూడా ఇడ్లీల కోసం తిరుగుతారు. ఉత్తరాంధ్ర నాలుకకి గుంటూరు కంటే దగ్గరైన వంట ఉన్నదే అక్కడ. గుమ్మడి, అరటికాయ, కంద ముక్కలు పప్పులో వేసి ఉడికించే డాల్మా మన ముక్కల పప్పుకి దగ్గర చుట్టం. బేసర అంటే ఆవ నూరి వండే కూరే, మన ఆవపెట్టిన కూరని తిన్నవాళ్ళకి కొత్త అనిపించదు. టమాటాతో తియ్యగా పుల్లగా చేసే ఖట్టా ఉంటుంది. ఎండాకాలంలో పఖాళ (నీళ్ళలో నానబెట్టిన అన్నం) దొరికితే తరవాణి తాగి పెరిగినవాళ్ళు వదలొద్దు, కాకపోతే ఇంట్లోనో బాగా తెలిసిన చోటో. అక్కడా ఉప్పుడు బియ్యం ఎక్కువ, వద్దనుకుంటే "అరువా" అన్నం అడగాలి.

అపోహ: బిల్లులో వేసిందంతా కట్టాల్సిందే, నీళ్ళ బాటిల్ మాత్రం ఎమ్మార్పీకే ఇవ్వాలి.

రెండూ తలకిందులు. సర్వీస్ చార్జీని దానంతటదే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. తీసేయమంటే తీసేయాలి. తీయనంటే 1915కి ఫోన్ చేయొచ్చు. జీఎస్టీ అలా కాదు, అది పన్ను. మామూలు రెస్టారెంట్లలో ఏసీ ఉన్నా లేకపోయినా 5 శాతమే. ఇక హోటల్లో కూర్చోబెట్టి వడ్డించే నీళ్ళ బాటిల్‌కి ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులోనే చెప్పింది. కాబట్టి బాటిల్ దగ్గర గొడవపడి లాభం లేదు, మామూలు నీళ్ళు అడగండి లేదా మీ సీసా మీరు తీసుకెళ్ళండి. టిప్పు ఇవ్వాలనిపిస్తే బిల్లు పెట్టిన పుస్తకంలో వదలకుండా, మీకు మారు అన్నం వడ్డించిన కుర్రాడి చేతిలోనే పెట్టండి.