షోపాన్ గుండె వార్సాకు ఎలా చేరింది?

2014 ఏప్రిల్‌లో ఒక రాత్రి, పోలండ్ రాజధాని వార్సాలోని హోలీ క్రాస్ చర్చిలో ఒక స్తంభాన్ని తెరిచి, అందులో భద్రపరిచిన గాజు జాడీని నిపుణులు పరిశీలించారు. మూత తీయకుండా పైనుంచే చూసి, ద్రవంలో మునిగి ఉన్న ఆ గుండెకు సోకినది క్షయ కావచ్చని 2017లో వెల్లడించారు. అది పియానో విద్వాంసుడు, స్వరకర్త ఫ్రెడరిక్ షోపాన్ గుండె. ఆయన దేహం మాత్రం పారిస్‌లోని పేర్ లషేజ్ శ్మశానంలో ఉంది.

ఈ ఎడబాటుకు మూలం 1830లో ఉంది. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు పోలండ్‌ను అప్పటికే పంచుకోగా, వార్సా రష్యా జార్ ఏలుబడిలో ఉండేది. ఫ్రెంచి తండ్రికి, పోలిష్ తల్లికి 1810లో జెలజోవా వోలా గ్రామంలో పుట్టిన షోపాన్, 1830 నవంబరు 2న వార్సా నుంచి వియన్నాకు బయలుదేరాడు. నాలుగు వారాలు తిరగకుండానే వార్సాలో రష్యాపై తిరుగుబాటు రాజుకుంది. మరుసటి సెప్టెంబరులో రష్యా సేనలు నగరాన్ని తిరిగి ఆక్రమించాయి. పారిస్ చేరిన షోపాన్ మళ్ళీ స్వదేశంలో అడుగుపెట్టలేదు. 1835లో కార్ల్స్‌బాద్‌లో కలుసుకోవడమే తల్లిదండ్రులతో ఆఖరి కలయిక అయింది.

పారిస్‌లో ఆయన ప్రధానంగా సంపన్నుల ఇళ్ళ పిల్లలకు పాఠాలు చెప్పి జీవించాడు. బహిరంగ కచేరీలు జీవితం మొత్తం మీద సుమారు ముప్పయికి మించవు. స్వదేశాన్ని మాత్రం స్వరాల్లో విడవలేదు. వార్సా చుట్టూ ఉన్న మజోవియా ప్రాంతపు పల్లెల్లో ఆడే మూడు మాత్రల నృత్యం, రెండో మాత్ర మీదో మూడో మాత్ర మీదో ఊనిక పడే ఆ నడక, మజుర్కాలనే ఆయన పియానో రచనలకు ఆధారం. మరో పోలిష్ నృత్యం ఆధారంగా రాసిన, వీరత్వం పలికే పొలొనేజులకే పేరు ఎక్కువ వచ్చినా, పుట్టిన నేల మీది బెంగ మజుర్కాల్లోనే గాఢంగా వినిపిస్తుందని నా నమ్మకం. ఆయన రచనలను పూల మాటున దాగిన ఫిరంగులని జర్మన్ స్వరకర్త షూమన్ అన్నది ఊరికే కాదు.

1849 అక్టోబరు 17న, 39 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు. గుండెనైనా వార్సాకు చేర్చాలన్న ఆయన కోరిక మేరకు అక్క లుద్విక దానిని జాడీలో ఉంచి, దుస్తుల మాటున దాచి సరిహద్దు దాటించిందని చెబుతారు.

ఆయన గుర్తులను సైతం పాలకులు సహించలేదు. 1863లో రష్యా సైనికులు ఆయన పియానోను వార్సాలోని ఒక భవనం కిటికీలోంచి విసిరేశారు. 1940లో నాజీలు ఆయన విగ్రహాన్ని పేల్చివేశారు. 1944లో వార్సాలో జర్మన్లపై జరిగిన తిరుగుబాటు సమయంలో గుండె కూడా జర్మన్ల చేతుల్లోకి వెళ్ళింది. యుద్ధం ముగిశాక, 1945 అక్టోబరు 17న, ఆయన వర్ధంతి నాడు, అది తిరిగి ఆ స్తంభంలోకి చేరింది.