ఓటు పడేలోపే లెక్క తేలాలి: అమెరికా ఎన్నికల విరాళాలపై అపోహలు - వాస్తవాలు

కాలిఫోర్నియాలో మన తెలుగువాళ్ళు సిటీ కౌన్సిళ్ళకీ స్కూల్ బోర్డులకీ పోటీ చేయడం ఇప్పుడు మామూలైపోయింది. అలాంటి ప్రచారాలకి నేను ట్రెజరర్‌గా ఉంటాను. వచ్చిన ప్రతి చెక్కూ రాసిపెట్టడం, గడువులోగా రిపోర్టు వేయడం, తేడా వస్తే అభ్యర్థితోపాటు జవాబు చెప్పుకోవడం నా పని. ఇచ్చేవాళ్ళ మంచి మనసుకి కొదవలేదు గానీ, చట్టం గురించి మాత్రం ఆ నోటా ఈ నోటా పాకిన తప్పుడు మాటలు చాలా ఉన్నాయి. ఇక్కడ చెప్పేవి ఎక్కువగా కాలిఫోర్నియా నియమాలు. వేరే రాష్ట్రం సంగతి వచ్చినప్పుడు ఆ పేరు చెబుతాను.

అపోహ: లెక్కలు ఎలక్షన్ అయ్యాక చూపిస్తే చాలు

ఇండియా ఎన్నికలు చూసి వచ్చినవాళ్ళకి ఇలా అనిపించడం సహజమే. అక్కడ అభ్యర్థి తన ఖర్చుల లెక్కని ఫలితం వచ్చాక 30 రోజుల్లోపు ఇస్తాడు. 20,000 రూపాయలు దాటిన విరాళాల జాబితాని పార్టీలు ఏడాదికోసారి ఎన్నికల సంఘానికి పంపుతాయి. ఎలక్టోరల్ బాండ్లు ఎవరు ఎన్ని కొన్నారో, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాటిని కొట్టేశాక గానీ జనానికి తెలియలేదు. అప్పటికి ఆ డబ్బుతో ఎన్ని ఎన్నికలు జరిగిపోయాయో!

కాలిఫోర్నియా చట్టం పుట్టిందే దీనికి విరుగుడుగా. వాటర్‌గేట్ కుంభకోణం రగులుతున్న 1974లో, ప్రొపోజిషన్ 9 కింద ఓటర్లే నేరుగా ఓటేసి దీన్ని తెచ్చుకున్నారు. ఓటరు ఓటేసే లోపే ఎవరి డబ్బు ఎవరి వెనక ఉందో తెలియాలన్నది దాని ఉద్దేశం. తేదీలు చూడండి. 2024 నవంబరు 5 ఎన్నికకి మొదటి రిపోర్టు గడువు సెప్టెంబరు 26, రెండోది అక్టోబరు 24. ఇళ్ళకి బ్యాలెట్లు పోస్టులో పంపడం మొదలయ్యేది ఎన్నికకి 29 రోజుల ముందు, అంటే అక్టోబరు 7 నాటికి. కవరు విప్పి ఓటేసే మనిషికి అప్పటికే ఒక రిపోర్టు అందుబాటులో ఉంటుంది. మరి ఆ తర్వాత వచ్చే పెద్ద మొత్తాల సంగతి? ఎన్నికకి ముందు 90 రోజుల్లో ఒకే దాత నుంచి మొత్తం 1,000 డాలర్లు గానీ అంతకుమించి గానీ వస్తే, 24 గంటల్లో ఫారం 497 వేయాలి. ఆ గంటలు లెక్కపెట్టేది చెక్కు చేతికందినప్పటి నుంచి. బ్యాంకులో తీరిగ్గా వేద్దామని డ్రాయరులో పెట్టి కూర్చుంటే కుదరదు.

ఆలస్యమైన రిపోర్టుకి రోజుకి 10 డాలర్ల జరిమానా. అదేముందిలే అనుకునేవాళ్ళున్నారు. కానీ ఈ చట్టాన్ని అమలుచేసే రాష్ట్ర సంస్థ, ఫెయిర్ పొలిటికల్ ప్రాక్టీసెస్ కమిషన్ దాకా వెళ్తే ఒక్కో ఉల్లంఘనకి 5,000 డాలర్ల వరకూ వేయొచ్చు. నా మటుకు నాకు జరిమానా కంటే పెద్ద నష్టం ఇంకోటి కనబడుతుంది: పోలింగ్ అయ్యాక బయటపడిన పేరు ఓటరుకి ఏ పనికీ రాదు.

అపోహ: అందరం కలిపి ఒకరి పేరు మీద ఇచ్చేస్తే సరిపోతుంది

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఫోన్ ఇలా వస్తుంది: "అన్నా, మన గ్రూపులో పదిమందిమి తలా 150 వేసుకున్నాం. అందరూ జెల్ (Zelle) యాప్‌లో నాకు పంపేశారు. 1,500కి చెక్కు నా పేరుతో రాసేస్తున్నా."

"వద్దు తమ్ముడూ. నువ్వు రాస్తే అది నీ డబ్బని రిపోర్టులో పడుతుంది. అది అబద్ధం అవుతుంది. వాళ్ళవి వాళ్ళకి వెనక్కి పంపెయ్, ఎవరిది వాళ్ళని ఇవ్వమను."

పెళ్ళికో, ఊళ్ళో గుడికో చందాలు పోగేసినట్టే అనుకుంటాం. అందులో దురుద్దేశం ఉండదు. కానీ ఒకరి డబ్బు ఇంకొకరి పేరు మీద ఇవ్వడం కాలిఫోర్నియాలో నిషేధం, ఫెడరల్ ఎన్నికల్లో అయితే నేరం. ఒక మనిషి అందరి చెక్కులూ తెచ్చిస్తే తప్పులేదు. ఎవరి డబ్బు ఎంతో అసలు పేర్లతో సహా చెబితే, మధ్యవర్తిగా తన పేరూ చెబితే, అది చట్టబద్ధమే. దాచితేనే చిక్కు.

ఇదే నియమం కంపెనీలకీ వర్తిస్తుంది. ఓనరు ఉద్యోగులతో చెక్కులు రాయించి, ఆ మొత్తాన్ని బోనస్‌లో కలిపి ఇచ్చేస్తే, అసలు దాత ఓనరే. పిల్లల పేరు మీద ఇచ్చినా అంతే. 18 ఏళ్ళు నిండని పిల్లల విరాళాన్ని తల్లిదండ్రులదిగానే చట్టం లెక్కవేస్తుంది. భార్యాభర్తలు మాత్రం ఎవరికి వారే దాతలు. జాయింట్ అకౌంటు చెక్కయితే సంతకం పెట్టినవారి పేరు మీద రాస్తాను. ఇద్దరి పేరూ రావాలంటే ఇద్దరూ సంతకం పెట్టండి.

అపోహ: పన్ను కడుతున్నాను కాబట్టి విరాళమూ ఇవ్వొచ్చు

హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 ఏ వీసా మీద ఉన్నా ఇవ్వకూడదు. ఇరవై ఏళ్ళుగా పన్ను కడుతున్నా అంతే. ఈ నిషేధం ఫెడరల్ చట్టంలోది, కానీ మీ ఊరి స్కూల్ బోర్డు ఎన్నికకీ వర్తిస్తుంది. దీన్ని సవాలు చేసిన కేసులో 2012లో అమెరికా సుప్రీంకోర్టు నిషేధాన్నే సమర్థించింది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఇవ్వొచ్చు. అయితే ఒహాయోలో 2024లో వచ్చిన చట్టం గ్రీన్ కార్డువాళ్ళనీ నిషేధం కిందికి తెచ్చింది, దాని మీద కోర్టులో పోరాటం నడిచింది. అక్కడివాళ్ళు ముందు లాయర్ని అడగండి. ఇండియా నుంచి చుట్టపుచూపుగా వచ్చిన అమ్మానాన్నల చేత "మా తరఫున" అని ఇప్పించకండి. హైదరాబాదులో ఉంటున్న అమెరికా పౌరుడు మాత్రం నిశ్చింతగా ఇవ్వొచ్చు. చట్టం అడిగేది పౌరసత్వం లేదా గ్రీన్ కార్డు గురించి, ఎక్కడ ఉంటున్నారని కాదు.

వీసా మీద ఉన్నవాళ్ళు జీతం తీసుకోకుండా వాలంటీరుగా ఇల్లిల్లూ తిరగొచ్చు, ఫోన్లు చేయొచ్చు. ప్రచారం డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో తేల్చే నిర్ణయాల్లో మాత్రం తలదూర్చకూడదు.

అపోహ: మా ఇంట్లో పెట్టిన భోజనాలు విరాళం కిందికి రావు

మీ ఇంట్లో మీట్ అండ్ గ్రీట్ (అభ్యర్థితో పరిచయ సమావేశం) పెట్టి, మొత్తం ఖర్చు 500 డాలర్లు దాటకపోతే రావు. దాటితే వస్తాయి. పైగా ఈ మినహాయింపు ఆ ఇంట్లో ఉండేవాళ్ళు పెట్టిన ఖర్చుకే. రెస్టారెంటు నడిపే స్నేహితుడు "మన అభ్యర్థే కదా" అని ఎనభైమందికి బిర్యానీ ఉచితంగా పంపిస్తే, ఆ ట్రేల మార్కెట్ ధర ఎంతో అంత విరాళం అతని పేరు మీద, లేదా అతని వ్యాపారం పేరు మీద పడుతుంది. అందుకే నేను బిల్లు అడుగుతాను. డబ్బు కట్టకపోయినా బిల్లు కావాలి, దయచేసి మొహమాటపెట్టకండి.

అపోహ: చెక్కు ఇచ్చాక ఉద్యోగం వివరాలెందుకు

గడువుల్లో వేసే ఆ రిపోర్టు పేరే ఫారం 460. అందులో షెడ్యూల్ ఏ అని ఒక పేజీ ఉంటుంది. 100 డాలర్లు గానీ అంతకుమించి గానీ ఇచ్చిన ప్రతి ఒక్కరికీ అందులో ఒక వరస: తేదీ, పేరు, చిరునామా, వృత్తి, యజమాని పేరు, మొత్తం. వృత్తి దగ్గర "సాఫ్ట్‌వేర్" అని, యజమాని దగ్గర ఖాళీగా వచ్చేవి కోకొల్లలు. 60 రోజుల్లో ఆ ఖాళీ నిండకపోతే డబ్బు తిరిగి ఇచ్చేయాలి. కన్సల్టింగ్‌లో ఉన్నవాళ్ళు క్లయింటు పేరు రాస్తుంటారు, అది పొరపాటు. జీతం ఇచ్చే కంపెనీ పేరే రాయాలి. సొంత వ్యాపారమైతే ఆ వ్యాపారం పేరు. ఇంటిపట్టున ఉండేవాళ్ళు "హోమ్‌మేకర్" అని రాస్తే చాలు.

ఆ గడిని నేను గట్టిగా పట్టుకోవడానికి కారణం ఉంది. పేరు చూస్తే ఓటరుకి ఏమీ అర్థం కాదు. ఒకే రియల్ ఎస్టేట్ సంస్థ ఉద్యోగులు పాతికమంది ఒకే వారంలో ఒకే అభ్యర్థికి ఇచ్చారని తెలిసేది ఆ గడి వల్లే.

నగదు సంగతి రెండు ముక్కల్లో: 100 డాలర్లు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. ఎవరిచ్చారో తెలియకుండా 100 డాలర్లు, ఆపైన వస్తే అభ్యర్థి ఉంచుకోవడానికి లేదు, రాష్ట్ర ఖజానాకి పోవాల్సిందే.

అపోహ: రిపోర్టులన్నీ అభ్యర్థి తలనొప్పే, దాతకి సంబంధం లేదు

ఏడాదిలో కాలిఫోర్నియా అభ్యర్థులకీ కమిటీలకీ మొత్తం 10,000 డాలర్లు ఇచ్చారంటే మీరే ఫారం 461 (పెద్ద దాతలు వేసే రిపోర్టు) వేయాలి. నలుగురైదుగురు అభ్యర్థులకి రెండేసి, మూడేసి వేలు ఇచ్చేవాళ్ళు తమకి తెలియకుండానే ఈ గీత దాటేస్తారు. 5,000 డాలర్లు ఇచ్చినవాళ్ళకి ఈ నియమం గురించి ప్రచార కమిటీ నుంచి ఉత్తరం వస్తుంది. దాన్ని చెత్తబుట్టలో వేయకండి.

అపోహ: ఒక రాష్ట్రంలో చెల్లింది ఇంకో రాష్ట్రంలోనూ చెల్లుతుంది

కాలిఫోర్నియాలో కంపెనీ చెక్కు పరిమితిలో ఉంటే చెల్లుతుంది. టెక్సస్‌లో కార్పొరేషన్ నుంచి అభ్యర్థికి విరాళం ఇస్తే అది ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. డాలస్ చుట్టుపక్కల చిన్న ఐటీ కంపెనీలు నడిపే మనవాళ్ళు చాలామంది ఉన్నారు, దయచేసి సొంత ఖాతా నుంచే ఇవ్వండి. అదే టెక్సస్‌లో జడ్జీల ఎన్నికలు మినహాయిస్తే, రాష్ట్ర పదవులకి ఒక వ్యక్తి ఎంత ఇవ్వాలన్న పరిమితి లేదు. అక్కడ పోటీ ఉన్న అభ్యర్థులు పోలింగ్‌కి 30 రోజుల ముందు ఒకటి, 8 రోజుల ముందు ఒకటి రిపోర్టు వేయాలి. రాష్ట్ర ఎథిక్స్ కమిషన్‌కి వేసే ఆ 8 రోజుల రిపోర్టు ఆలస్యమైతే మొదటి రోజుకే 500 డాలర్లు, ఆపైన రోజుకి 100. హైదరాబాదులో పుట్టిన గజాలా హష్మీ 2025లో లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచిన వర్జీనియాలోనూ రాష్ట్ర పదవులకి విరాళ పరిమితి లేదు. పరిమితి లేని చోట ఓటరుకి మిగిలిన రక్షణ ఈ వెల్లడి ఒక్కటే.

అపోహ: పేరు నెట్‌లో పడితే ఇంటి అడ్రసుతో సహా అందరికీ తెలిసిపోతుంది

ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. కాలిఫోర్నియాలో ఆన్‌లైన్ కాపీలో వీధి పేరు, ఇంటి నంబరు తీసేస్తారు. ఊరు, జిప్ కోడ్ మాత్రం కనబడతాయి. పేరు, ఉద్యోగం కనబడతాయి. కోర్టులు 1976 నుంచీ వెల్లడి నియమాలని సమర్థిస్తూ వచ్చాయి. 1982లో ఒహాయోలో వేధింపులకి గురవుతున్న ఒక చిన్న పార్టీకి మినహాయింపు కూడా ఇచ్చాయి. ఆఫీసులో ఇబ్బంది అవుతుందనో, చుట్టాల్లో మాట వస్తుందనో అనుకుంటే, ఏడాదిలో ఒక్కో అభ్యర్థికి ఇచ్చే మొత్తం 100 డాలర్లకి లోపు ఉంచుకోండి. అప్పుడు మీ పేరు రిపోర్టులో విడిగా రాదు, నా పుస్తకాల్లో మాత్రం ఉంటుంది. 99 డాలర్ల చెక్కులతో స్కూల్ బోర్డు ఎన్నికకి యార్డ్ సైన్లన్నీ (ఇళ్ళ ముందు పాతే ప్రచార బోర్డులు) కొన్న ప్రచారాలకి నేనే లెక్క రాశాను.