గర్భసంచి తీసేసినా ఆవిర్లు ఆగవు

మే నెలలో హైదరాబాదులో ఓ ఇల్లాలు "ఒళ్లంతా ఆవిర్లు వస్తున్నాయి" అంటే ఇంట్లో అందరూ ఎండల మీదకి తోసేస్తారు. డిసెంబరులో తెల్లవారుజామున మూడింటికి అదే మాట అన్నా "వేడి చేసినట్టుంది, మజ్జిగ తాగు" అంటారు. నలభై అయిదు దాటిన ఆడవాళ్లకు నెలసరి ఆగిపోయే దశలో, అంటే మెనోపాజ్‌లో వచ్చే ఈ వేడి మజ్జిగకు లొంగదు, ఎందుకంటే అది పుట్టేది మెదడులో.

ఒంటి ఉష్ణోగ్రతను కనిపెట్టుకుని ఉండే పని మెదడులోని హైపోథాలమస్ అనే భాగానిది. చిన్నచిన్న హెచ్చుతగ్గులను అది మామూలుగా పట్టించుకోదు. అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గగానే అక్కడి కొన్ని నాడీకణాలు అదుపు తప్పి, న్యూరోకైనిన్ బి అనే రసాయనంతో అతిగా ఉత్తేజితమవుతాయి. ఇక ఉష్ణోగ్రత కొంచెం పెరిగినా చాలు, ఒంటిని చల్లార్చే ఏర్పాట్లన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి. ఛాతీలో పుట్టిన వేడి మెడ మీదుగా ముఖానికి పాకుతుంది, గుండె దడదడలాడుతుంది, జాకెట్టు వీపుకి అతుక్కుపోతుంది. ఇదంతా సాధారణంగా అయిదు నిమిషాల లోపే. చెమట ఆరుతుంటే చలి. దుప్పటి తన్నేసిన మనిషే మళ్లీ దానికోసం తడుముకుంటుంది. ఫ్యాన్ పెంచమని ఒకరు, తగ్గించమని ఒకరు, రాత్రంతా ఇదే పంచాయితీ. ఆ న్యూరోకైనిన్ సంకేతాన్నే అడ్డుకునే ఫెజోలినెటాంట్ అనే హార్మోన్ లేని మందుకు అమెరికాలో 2023లో అనుమతి దొరికింది.

వరుసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు. పాశ్చాత్య దేశాల్లో ఇది సగటున 51 ఏళ్లకు వస్తే, మన దేశంలో 46, 47కే వచ్చేస్తోంది. బాధలు అంతకు ముందే మొదలై ఏళ్ల తరబడి ఉండొచ్చు.

ఈ బాధలను కొలవడానికి పరిశోధకులు వాడే ఒక ప్రశ్నావళిలో పదకొండు అంశాలుంటాయి. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు, మొత్తం 44. అందులో ఆవిర్లది ఒక్క ప్రశ్నే. మిగతావన్నీ నిద్ర, దిగులు, చిరాకు, టెన్షన్, నీరసం, గుండె దడ, కీళ్ల నొప్పులు, మూత్రం ఇబ్బందులు, యోని పొడిబారడం, దాంపత్యం గురించి. మన దేశంలో జరిగిన చాలా సర్వేల్లో కీళ్ల నొప్పులు, నీరసం ముందు వరుసలో కనిపిస్తాయి. మూత్రం సంగతి మాత్రం అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీ దాకా వెళ్లాల్సిన మనిషి, దారిలో ఆపుకోలేనేమోనన్న భయంతో పొద్దున్నుంచీ నీళ్లే తాగదు. తుమ్మినా దగ్గినా చుక్కలు పడటం "వయసు కదా" అని సర్దుకుపోవాల్సిన సంగతి కాదని నా అభిప్రాయం. దానికి వ్యాయామాలున్నాయి, పొడిబారడానికి ఈస్ట్రోజెన్ క్రీములున్నాయి.

మన తెలుగు రాష్ట్రాల్లో ఇంకో చిక్కుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు మూడు శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అది ఎనిమిది, తొమ్మిది శాతం దాకా ఉంది. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకా ఆ సంచితో పనేముంది" అనే మాట మనకు అంత మామూలైపోయింది. నిజంగా అవసరమైన ఆపరేషన్లూ ఉంటాయి, కాదనను. కానీ ఈస్ట్రోజెన్‌ను ప్రధానంగా తయారుచేసేవి అండాశయాలు. సంచి తీస్తే ఆగేది రక్తస్రావం. దాంతోపాటు రెండు అండాశయాలూ తీసేస్తే, ఏళ్ల మీద మెల్లగా రావాల్సిన మార్పు కొద్ది రోజుల్లోనే, మరింత తీవ్రంగా మీద పడుతుంది. వాటిని ఉంచినా మెనోపాజ్ కాస్త ముందే రావచ్చు. పైగా నెలసరి అనే గుర్తే లేదు కాబట్టి, ముప్ఫై ఎనిమిదేళ్లకే ఒళ్లు మండి నిద్రపట్టకపోతే ఇది మెనోపాజేమోనన్న అనుమానం రాదు. థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకుంటూ తిరుగుతారు. ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితం బీరువాలో ఏ ప్లాస్టిక్ కవర్లోనో ఉండే ఉంటుంది. అండాశయాలు ఉంచారో తీశారో అందులో రాసి ఉంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అది పట్టుకెళ్లాలి. చిన్న వయసులోనే ఈస్ట్రోజెన్ ఆగిపోతే ఎముకలకు, గుండెకు కూడా ముప్పే.

తగ్గిన ఈస్ట్రోజెన్‌కు బదులుగా ఇచ్చే హార్మోన్ మాత్రలంటే భయం 2002లో బాగా ముదిరింది. అమెరికాలో ఆ మాత్రల మీద జరుగుతున్న ఓ పెద్ద అధ్యయనాన్ని రొమ్ము క్యాన్సర్ ముప్పు వల్ల మధ్యలోనే ఆపేశారు. అయితే అందులో పాల్గొన్న వాళ్ల సగటు వయసు 63. బాధలు ఎక్కువగా ఉండి, అరవై లోపు వయసో, మెనోపాజ్ వచ్చి పదేళ్ల లోపో అయితే, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం లాంటి చరిత్ర లేనివాళ్లకు చాలావరకు మేలే ఎక్కువని నేటి వైద్య సంఘాల మాట. గర్భసంచి లేనివాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటి చాలు. ఉన్నవాళ్లకు ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోన్ కూడా కలిపి ఇస్తారు, లేకపోతే సంచి లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీయవచ్చు. నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క మరక కనిపించినా, "మళ్లీ వచ్చిందిలే" అనుకోకుండా ఆ వారంలోనే గైనకాలజిస్టుకు చూపించుకోవాల్సింది ఈ పొర గురించే.