గౌను కుట్టించే ముందు పుట్టిన తేదీ చూడండి: థీమ్ పార్కు వేషాలపై అపోహలు, వాస్తవాలు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ కుట్టు షాపుల్లో అమెరికా ప్రయాణాల సీజన్ మొదలైందంటే ఒక ఆర్డర్ తప్పకుండా వస్తుంది. "మనవరాలికి సిండ్రెల్లా గౌను, కోడలికి గూడ గదే రంగుల గసొంటిదే, కొడుక్కు రాకుమారుడి కోటు. డిస్నీల అందరం ఒక్కతీరు ఫోటో దిగుతం." అడ్వాన్స్ ఇస్తారు, కొలతలు ఇస్తారు, గౌన్లు విమానం ఎక్కుతాయి. అమెరికాలోని ఒర్లాండోలో డిస్నీ థీమ్ పార్కు గేటు దగ్గర మనవరాలు లోపలికి పోతుంది, కోడలిని ఆపేస్తారు. కుట్టేవాళ్ళూ కుట్టించుకునేవాళ్ళూ "ఎవరి వయసెంత?" అన్న ఒక్క ప్రశ్న ముందే వేసుకుంటే ఈ నష్టం ఉండదు.

అపోహ: టికెట్ కొన్నాం, పిల్లలు వెంట ఉన్నారు, కాబట్టి పెద్దవాళ్ళు కూడా వేషం వేసుకోవచ్చు.

వాస్తవం: వేసుకోకూడదు. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్, కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్ రెండింటిలోనూ మామూలు రోజుల్లో 14 ఏళ్ళు, ఆపైబడ్డ సందర్శకులు పాత్రల వేషం వేయకూడదు, మాస్కు పెట్టకూడదు. పిల్లలు పక్కన ఉన్నా సడలింపు లేదు. బట్టలు మార్చుకోమంటారు, లేదంటే లోపలికి పంపరు. హోటల్‌కు వెళ్ళి మార్చుకొని వచ్చేసరికి పొద్దున ఖాళీగా ఉండే గంటలన్నీ పోతాయి. పెద్దవాళ్ళ గౌనుకు శాటిన్ ఆరేడు మీటర్లు, కింద నెట్టు నాలుగైదు పొరలు, లైనింగ్, కుట్టుకూలి. ఆ ఖర్చంతా సూట్‌కేసులోనే ఉండిపోతుంది.

"మనోళ్ళను చూసి ఆపుతరంట" అనే మాట వాట్సాప్‌లో తిరుగుతోంది. అది పచ్చి అబద్ధం. ఏ దేశంవాళ్ళకైనా నిబంధన ఒక్కటే. 2015 డిసెంబర్‌లో అక్కడి పార్కుల్లో భద్రత పెంచినప్పుడు ఈ 14 ఏళ్ళ గీత గీశారు. గేట్ల దగ్గర మెటల్ డిటెక్టర్లు పెట్టారు, లోపల బొమ్మ తుపాకుల అమ్మకం ఆపేశారు. భద్రత కాక మరో కారణం కూడా తేలిగ్గా అర్థమవుతుంది. పార్కులో సిండ్రెల్లాగా నిలబడేది ఉద్యోగి. నాలుగేళ్ళ పిల్లకు ఆ ఉద్యోగికీ, అచ్చం అదే గౌను వేసుకొని వచ్చిన సందర్శకురాలికీ తేడా తెలియదు. పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంటుంది. పార్కు ఆ చెయ్యిని తెలియనివాళ్ళ చేతిలో పెట్టదు.

మరి యూట్యూబ్‌లో పెద్దవాళ్ళు గౌన్లలో తిరుగుతున్నారు కదా అని అడుగుతారు. డబ్బు పోయేది ఈ వీడియోల వల్లే. అవి ఎక్కువగా హాలోవీన్ (అందరూ వేషాలు వేసుకునే అక్కడి పండుగ) పార్టీ రాత్రుల్లో తీసినవి. డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా ఎంపిక చేసిన రాత్రుల్లో ఆ పార్టీ జరుగుతుంది. దానికి వేరే టికెట్ కొనాలి, మామూలు పగటి టికెట్ చెల్లదు. పార్టీ రాత్రి 7 నుంచి 12 దాకా. ఆ టికెట్ ఉన్నవాళ్ళు సాయంత్రం 4 నుంచే లోపలికి రావచ్చు. ఆ రాత్రి పెద్దవాళ్ళూ వేషం వేసుకోవచ్చు, కానీ దానికీ కొలతలున్నాయి.

కుట్టేవాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. 14 నిండినవాళ్ళకు భుజాల మీద వేసే కేప్ నడుం దాటకూడదు. అంటే మెడ వెనక ఎముక నుంచి నడుం దాకా కొలిచి, మామూలు ఎత్తు మనిషికి 15, 16 అంగుళాల దగ్గర ఆపేయాలి. సినిమాలో చూపినట్టు మడమల దాకా కుట్టారో, ఆ కేప్ గేటు దగ్గరే ఆగిపోతుంది. గౌను నేలకు రాయకూడదు. వేసుకునే చెప్పులతోనే నిలబెట్టి, చీలమండ ఎముకకు రెండు అంగుళాల పైన అంచు గుర్తు పెట్టండి. ఉత్త కాళ్ళతో కొలిస్తే లెక్క తప్పుతుంది. చుట్టూ తీగ రింగు వేసి గుమ్మటంలా నిలబడే గౌను వద్దు, ఒంటినంతా చుట్టేసే వేషాలు ఆ రాత్రి కూడా వద్దని పార్కు గట్టిగా చెబుతుంది. పొరలున్న బట్టలను తనిఖీ చేస్తారు కాబట్టి క్యాన్‌క్యాన్‌ను (గౌను కింద వేసే నెట్టు లంగాను) గౌనుకు కలిపి కుట్టకుండా నడుం దగ్గర నాడా పెట్టి విడిగా ఉంచండి, తీసి చూపించడం తేలిక. 14 నిండినవాళ్ళకు మాస్కు ఆ రాత్రి కూడా లేదు. ముఖం కప్పని కిరీటం, టోపీ, పారదర్శకమైన రెక్కలు పెట్టుకోవచ్చు. ఎవరైనా వచ్చి ఫోటో అడిగితే పాత్రలా నిలబడటం, ఆటోగ్రాఫ్ ఇవ్వడం మాత్రం చేయకూడదు.

వెల్వెట్ అడుగుతారు, వద్దని చెప్పండి. ఫ్లోరిడాలో అక్టోబర్‌లో కూడా ఉక్కపోత ఉంటుంది.

ఇంకో చిక్కు పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలది. ఆర్డర్ జనవరిలో ఇస్తారు, ప్రయాణం మే నెలలో. మధ్యలో పుట్టినరోజు వచ్చి పదమూడేళ్ళ బిడ్డకు పద్నాలుగు నిండుతాయి. అందుకే ఆర్డర్ పుస్తకంలో కొలతల పక్కనే పుట్టిన తేదీ, పార్కుకు వెళ్ళే తేదీ రెండూ రాసుకోవాలి. వయసుకు మించి పొడుగున్న పిల్లలైతే వయసు చూపించడానికి పాస్‌పోర్టు పేజీని ఫోటో తీసి తల్లి ఫోన్‌లో ఉంచుకోవడం మంచిది. చిన్న పిల్లల గౌనుకు పక్కల్లో ఒకటిన్నర అంగుళం, కింద రెండు అంగుళాల బట్ట లోపలికి మడిచి ఉంచితే నాలుగు నెలల్లో ఎదిగినా సరిపోతుంది. పార్కు లోపల రాకుమారిలా తయారుచేసే బొటీక్ కూడా 3 నుంచి 12 ఏళ్ళ పిల్లలకే. తల్లికి కూడా చేస్తారని ఆశపడి బుక్ చేయకండి.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు భయం. అమ్మలు, అమ్మమ్మలు గొంతు తగ్గించి అడిగే మాట: "చీర కట్టుకుంటే లోపలికి రానీయరంట గద? ప్యాంటు ఏసుకోవాల్నా?"

అక్కర్లేదమ్మా. చీర వేషం కాదు, మీరు రోజూ కట్టుకునే బట్ట. ఆ నిబంధన పాత్రల వేషాల గురించి. డెబ్బై ఏళ్ళు చీర కట్టినామె మనవల కోసం ఇష్టం లేని ప్యాంటులో రోజంతా ఇబ్బంది పడాల్సిన పని లేదు. చూసుకోవాల్సింది నిబంధన కన్నా రైడ్లు. నేలకు రాసే బట్టలు వద్దని పార్కు చెబుతుంది కాబట్టి చీర చీలమండ పైకి కట్టండి. కొంగు వదిలేయకుండా ముందుకు తిప్పి నడుం దగ్గర దోపి, భుజం దగ్గర ఒకటి, నడుం దగ్గర ఒకటి పిన్ను పెట్టండి. కుచ్చిళ్ళు ఐదారు చాలు, ఎక్కువైతే పడవ రైడ్‌లో కాలు పెట్టేటప్పుడు మడమ కింద పడతాయి. లోపల లంగా బదులు లెగ్గింగ్ వేసుకుంటే గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చునే రైడ్ల దగ్గర సిగ్గుపడాల్సిన అవసరం రాదు. చున్నీ వేసుకునేవాళ్ళు వేగంగా తిరిగే రైడ్ ఎక్కేముందు దాన్ని తీసి బ్యాగులో పెట్టాల్సిందే. చక్రంలోనో బెల్టులోనో చున్నీ చిక్కితే మెడకు ఉరి పడుతుంది. మన జాతరల్లో జెయింట్ వీల్ ఎక్కేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త.

అందరూ ఒక్కతీరు కనబడాలన్న కోరిక ఉంటే దానికీ దారి ఉంది, నిబంధనకు అడ్డు రానిది. పాత్ర గౌనును కాకుండా పాత్ర రంగులను కట్టుకోవడం. దీన్ని అక్కడ డిస్నీబౌండ్ అంటారు. పసుపు నారాయణపేట చీర, నీలం జాకెట్టు, జడకు ఎర్ర రిబ్బను: స్నోవైట్ అని పిల్లలు చూడగానే పోల్చుకుంటారు, గేటు దగ్గర మాత్రం అది చీర. లేత నీలం గద్వాల చీరకు వెండి జరీ అంచు ఉంటే సిండ్రెల్లా. ఎర్ర కుర్తా మీద తెల్ల చుక్కలు, నెత్తిన ఎర్ర బో ఉంటే మిన్నీ. మగవాళ్ళకు నల్ల టీషర్టు, ఎర్ర నిక్కరు, పసుపు బూట్లు చాలు, మిక్కీ అయిపోతారు. తిరిగొచ్చాక ఆ చీర పెళ్ళికి కట్టుకోవచ్చు. పెద్దవాళ్ళ గౌను ఆర్డర్ వచ్చినప్పుడు కుట్టేవాళ్ళు ముందు ఈ దారి చెప్పాలి. ఒక ఆర్డర్ పోయినా సరే.

డిస్నీ నిబంధన ప్రపంచమంతా ఒకటేనా? కాదు. టోక్యో డిస్నీలాండ్‌లో పెద్దవాళ్ళకు హాలోవీన్ సీజన్‌లో ప్రకటించిన రోజుల్లోనే అనుమతి. యూనివర్సల్ అనే వేరే కంపెనీ పార్కుల్లో హ్యారీ పాటర్ అంగీని అక్కడే అమ్ముతారు, పెద్దవాళ్ళూ వేసుకొని తిరుగుతారు. అదే యూనివర్సల్ ఒర్లాండోలో హాలోవీన్ హారర్ నైట్స్ అనే రాత్రి కార్యక్రమానికి మాత్రం వేషాలు, మాస్కులు పూర్తిగా నిషేధం. ఒక పార్కులో తీసిన వీడియో చూసి ఇంకో పార్కుకు బట్టలు కుట్టించకండి. వెళ్ళే వారం ముందు ఆ పార్కు సొంత పేజీలో నిబంధన చదవండి.

బాల హనుమాన్ గద, రాముడి బాణం సంగతి: అసలు ఆయుధంలా కనబడే ఏ వస్తువునూ రానివ్వరు. ఇంట్లో పెట్టి వెళ్ళండి.

చివరగా మన దగ్గరి గందరగోళం. హైదరాబాద్ చుట్టుపక్కల వాటర్ పార్కుల్లో "కాస్ట్యూమ్ తప్పనిసరి" అంటారు. దాన్ని విని ఫ్యాన్సీ డ్రెస్ అద్దెకు అడిగేవాళ్ళు ఉన్నారు. అక్కడ కాస్ట్యూమ్ అంటే ఈత బట్టలు, నైలాన్ లేదా లైక్రావి. నూలు బట్ట నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, జారేటప్పుడు ఒంటికి చుట్టుకుంటుంది, దాని పోగులు ఫిల్టర్లలో చేరతాయి. జీన్స్ గుండీ, ఇత్తడి జిప్పు జారుడుబల్ల ఫైబర్‌ను గీరేస్తాయి, ఆ గీత తర్వాత వచ్చేవాళ్ళ వీపును కోస్తుంది. ఒళ్ళు కనబడుతుందని వెనకాడే ఆడవాళ్ళకు నిండు చేతులది, మోకాళ్ళు దాటేది లైక్రాలోనే దొరుకుతుంది, లేదంటే కుట్టించుకోవచ్చు. కుట్టేటప్పుడు హుక్కు, జిప్పు వేయకండి. నడుముకు ఎలాస్టిక్ పెట్టండి, మెడ సాగే బట్ట కాబట్టి తల దూరేంత వెడల్పు చాలు.