ఎక్కడ నిలబడి చూశావు?

బుజ్జీకి, చిన్నాకి,

ఇక్కడ మేమంతా కులాసా. నానమ్మ అరిసెలు పార్సిల్ చేస్తోంది, ఈ ఉత్తరం కూడా ఆ డబ్బాలోనే పెడుతున్నాను.

బుజ్జీ, మీ స్కూలు వాళ్లు కాంటర్‌బరీ చర్చికి తీసుకెళ్లి, 1170లో ఆ చర్చి పెద్ద, ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ని చంపిన చోటు చూపించారని మొన్న ఫోన్‌లో చెప్పావు. "తాతయ్యా, దగ్గరుండి చూసినవాళ్లు ఐదుగురు రాశారట. ఐదుగురూ ఒకేలా రాయలేదట. మరి ఎవరిది నిజం?" అని అడిగావు. నేనేదో నాలుగు ముక్కలు చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీ ప్రశ్న అంత తేలిగ్గా వదలదు.

మన పాత ఇల్లు మీకు గుర్తుందో లేదో. మండువా లోగిలి. నడిమధ్య ఆకాశం కనపడే మండువా, చుట్టూ నాలుగు వైపులా వసారాలు, వసారాల పొడుగునా టేకు స్తంభాలు. వానొస్తే నాలుగు చూర్ల నీళ్లూ మండువాలోనే పడేవి. ఇల్లంతా మండువాలోకే చూస్తున్నట్టుండేది కానీ ఎక్కడ కూచున్నా ఏదో ఒక స్తంభం అడ్డం వచ్చేది. వంటింటి గుమ్మంలో కూచున్నవాళ్లకి తులసికోట కనపడేది, వీధి తలుపు కనపడేది కాదు. గాదె పక్కన నిలబడితే మనుషుల కాళ్లు కనపడేవి, మొహాలు కనపడేవి కావు. ఆ ఇంట్లో ఎవరేం చెప్పినా మా తాతగారు ముందు ఒకటే అడిగేవారు: "ఎక్కడ నిలబడి చూశావు?"

ఆ చర్చిని ఆనుకుని సన్యాసుల మఠం ఉండేది. దానికీ మధ్యలో మండువా, చుట్టూ కప్పున్న వసారాలు. క్లోయిస్టర్ అన్నావే, అదే. కాబట్టి కాసేపు ఆ చర్చి కూడా మన ఇల్లే అనుకోండి.

గొడవ సంగతి టూకీగా చెప్తాను. ఇంగ్లండు రాజు రెండో హెన్రీ తన స్నేహితుడైన థామస్‌ని 1162లో ఆర్చిబిషప్‌ని చేశాడు. చర్చి మనిషి నేరం చేస్తే తీర్పు రాజుదా, చర్చిదా అన్న దగ్గర ఇద్దరికీ చెడింది. 1164లో థామస్ ఫ్రాన్సు పారిపోయి ఆరేళ్లు అక్కడే ఉన్నాడు. 1170 డిసెంబరు మొదట్లో తిరిగొచ్చాడు. సముద్రానికి అవతల, ఫ్రాన్సు వైపు నార్మండీలో ఉన్న రాజు కోపంలో ఏదో మాట విసిరాడు. అది పట్టుకుని నలుగురు నైట్లు, అంటే రాజు కొలువులోని వీరులు, సముద్రం దాటి వచ్చారు: ఫిట్జ్‌అర్స్, మోర్విల్, ట్రేసీ, బ్రెటన్.

డిసెంబరు 29, మంగళవారం. మధ్యాహ్నం దాటాక ఆర్చిబిషప్ గదికి వెళ్లి వాదన పెట్టుకున్నారు. బయటికెళ్లి ఇనప కవచాలు తొడుక్కుని, మొహాలు కప్పుకుని మళ్లీ వచ్చారు. సన్యాసులు థామస్‌ని బతిమాలి, తోసుకుంటూ, మండువా వసారా గుండా చర్చిలోకి తీసుకొచ్చారు. లోపల సాయంత్రం ప్రార్థన జరుగుతోంది. వాళ్లు తలుపు గడియ వేయబోతే ఆయన వద్దన్నాడు. ప్రార్థన చేసుకునే ఇంటిని కోటలా మార్చకూడదన్నాడు. తలుపు తెరిచే ఉంచారు.

లోపల చీకటి. "రాజద్రోహి ఎక్కడ?" అని కేక వినపడింది. "ఇక్కడున్నాను. ద్రోహిని కాను, పూజారిని" అన్నాడు థామస్. ఆయన పక్కన ఒక రాతి స్తంభం. బయటికి లాగుదామని చూశారు, ఆయన కదల్లేదు. కత్తులు లేచాయి.

ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరెక్కడున్నారో చూద్దాం. విలియం అనే సన్యాసి మెట్ల మీద. ఫిట్జ్‌స్టీఫెన్, థామస్ దగ్గర రాతకోతలు చూసే మనిషి, పక్కనే. ఎడ్వర్డ్ గ్రిమ్ అసలు ఆ ఇంటివాడే కాదు. ఆర్చిబిషప్‌ని చూసిపోదామని కొన్ని రోజుల ముందే కేంబ్రిడ్జి నుంచి వచ్చిన చుట్టం లాంటివాడు. బెనెడిక్ట్ అనే సన్యాసి, నైట్లు వెళ్లిపోయాక జనం వచ్చి నేల మీది రక్తంలో గుడ్డలు తడుపుకున్న సంగతి రాశాడు. అందరికంటే ముందు రాసింది జాన్ ఆఫ్ సాలిస్‌బరీ, థామస్‌కి పాత స్నేహితుడు. ఆయన రాసింది కూడా ఉత్తరమే. అందులో తన గురించి మాత్రం చెప్పుకోలేదు. చివరిదాకా ఆర్చిబిషప్‌ని వదలకుండా నిలబడింది ముగ్గురేనని ఫిట్జ్‌స్టీఫెన్ రాశాడు: రాబర్ట్ అనే మతగురువు, తను, గ్రిమ్.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాకప్పుడు ఎనిమిదేళ్లు. కాలవ నీటి వంతు దగ్గర మా చిన్నాన్నకీ పక్క చేను ఆయనకీ మాటామాటా పెరిగి, ఆ సాయంత్రం ఆయన మా మండువాలోకే వచ్చాడు. కర్ర లేచింది. మా పాలేరు, మేం మామా అని పిలిచేవాళ్లం, మధ్యలో చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఎండు కంది కట్టె విరిచినట్టుంది. మర్నాడు తాతగారు అందర్నీ పిలిచి అడిగారు. నాయనమ్మ వంటింట్లోంచి కేకలే విన్నానంది. అత్తయ్య ముందు కర్ర ఎత్తింది చిన్నాన్నే అంది. నేను స్తంభం పక్కన నిలబడి అంతా చూశానని చెప్పాను. నిజానికి కర్ర లేవగానే గాదె వెనక్కి పారిపోయి, కళ్లు మూసుకుని, చెవులు పట్టుకుని కూచున్నాను. నేను చెప్పిన మాట మీదే తీర్పు జరిగింది. మామ చెయ్యి వంకరగానే అతుక్కుంది. ఆయన పోయేదాకా ఆ నిజం ఆయనకి చెప్పలేకపోయాను. మీకే మొదటిసారి చెబుతున్నాను. పిల్లలూ, చూడనిది చూశానని ఎప్పుడూ చెప్పకండి.

అందుకే ఆ ఐదుగురిలో విలియం అంటే నాకు ప్రాణం. ఆయనేం రాశాడో తెలుసా? కొట్టండి, కొట్టండి అన్న కేక వినగానే, నన్ను కూడా కొడతారనుకున్నాను, నా పాపాలు నాకు తెలుసు, అమరుడయ్యే అర్హత నాకు లేదు, అందుకని గబగబా మెట్లెక్కి పారిపోయాను అన్నాడు. పూజలందుకునే మహానుభావుడి చరిత్ర రాస్తూ, ఆ మనిషిని వదిలేసి పరిగెత్తానని తన చేత్తో తనే రాసుకున్నాడు. దాయాలనుకుంటే ఎవరికి తెలిసేది? ఆ ఒక్క వాక్యం చదివాక ఆయన మిగతా మాటలు కూడా నాకు నమ్మాలనిపిస్తాయి.

గ్రిమ్ సంగతి ఇంకోలా ఉంటుంది. మొదటి దెబ్బకి ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు, అది దాదాపు తెగిపోయింది. కానీ "నేను" అనలేదు. "ఈ కథ చెబుతున్నవాడి చెయ్యి" అని మాత్రం రాశాడు. ఆ కత్తి ఎవరిది? గ్రిమ్ రాసింది చదివితే ఫిట్జ్‌అర్స్ అనిపిస్తుంది. అయితే ట్రేసీ ఆ తర్వాత, జాన్ ఆఫ్ సాలిస్‌బరీ చెయ్యి నరికానని చెప్పుకున్నాడట! ఎవరిని నరికాడో నరికినవాడికే తెలియలేదు. చీకట్లో, ఇనప టోపీ కింద నుంచి అతనికి కనపడింది ఒక చెయ్యి, అంతే. చివరి దెబ్బకి బ్రెటన్ కత్తి మొన రాతి నేలకి తగిలి విరిగిపోయింది.

రాజు కోపంతో అన్న మాట కూడా గ్రిమ్ రాశాడు. తన ఉప్పు తిని పెరిగినవాళ్లు, ఒక తక్కువ పుట్టుక పూజారి తనని అవమానిస్తుంటే చూస్తూ ఊరుకున్నారని రాజు అన్నాడట. అప్పుడు రాజు నార్మండీలో, సముద్రానికి అవతల. గ్రిమ్ ఆ వసారాలో లేడు. మా తాతగారుంటే అక్కడ ఆపేవారు.

ఆ తర్వాత రెండేళ్లు దాటగానే, 1173లో, థామస్‌ని సెయింట్‌గా ప్రకటించారు. 1174లో రాజు చెప్పుల్లేకుండా నడిచి వచ్చి, అక్కడి సన్యాసుల చేత కొరడా దెబ్బలు తిన్నాడు. ఎనిమిది వందల యాభై ఏళ్లు దాటినా ఒక చీకటి సాయంత్రం కొన్ని నిమిషాలు మనకింత దగ్గరగా కనపడుతున్నాయంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. దీపాల వెలుగులో, ఈకల కలాలతో రాసిన ఐదుగురి చలవ అది.

ఎవరిది నిజం అన్నదానికి ఇంతకంటే నాకు చెప్పడం రాదు బుజ్జీ. నువ్వే మళ్లీ వెళ్లి చూడు, ఈసారి తమ్ముణ్ణి కూడా తీసుకెళ్లు. ఆ పాత స్తంభం ఇప్పుడు లేదు. నేల మీద థామస్ అని చెక్కి ఉంటుంది, గోడకి కత్తులు, వాటి నీడలు ఉంటాయి. వెలుతురు తగ్గే వేళ చిన్నాని ఆ పేరు దగ్గర నిలబెట్టి, నువ్వు మెట్ల మీదికి వెళ్లి నిలబడు. అక్కణ్ణించి తమ్ముడి మొహం కనపడుతుందా, భుజం ఒక్కటే కనపడుతుందా, వాడు మెల్లగా ఏమన్నా అంటే నీకు వినపడుతుందా చూడు. ఇంటికొచ్చాక ఇద్దరూ వేరు వేరు కాగితాల మీద రాయండి. ఒకరిది ఒకరు చూడొద్దు. రెండూ ఒకే కవర్లో పెట్టి నాకు పంపండి.

మీ తాతయ్య