జీఆర్‌ఈ మళ్లీ రాయాలా? అపోహలు - వాస్తవాలు

విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ సీట్ల కోసం రాసే పరీక్ష జీఆర్‌ఈ. ఆ పరీక్ష గదిలోంచి బయటికొచ్చి ఫోన్ ఆన్ చేయగానే పిల్లలు నాకు పెట్టే మెసేజ్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పోయిన నెల వచ్చింది ఇదీ: "మేడమ్, క్వాంట్ 161, వెర్బల్ 152. మళ్లీ డేట్ తీసేసుకోనా?" క్వాంట్ అంటే లెక్కల భాగం, వెర్బల్ అంటే ఇంగ్లిష్ భాగం. మూడోదైన ఎస్సే స్కోరు ఇంకా రానే లేదు. అధికారిక స్కోరు రావడానికి ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. ఈ పిల్లేమో అప్పటికే బుకింగ్ పేజీ తెరిచి పెట్టుకుని కూర్చుంది.

"ముందు ఇంటికెళ్లి పడుకోమ్మా. రేపు పొద్దున మూడు సంగతులు రాసి పంపు" అన్నాను. చివరి రెండు మాక్ టెస్టుల్లో ఎంతెంత వచ్చింది, ఏయే ప్రోగ్రాంలకు అప్లై చేస్తోంది, వాటిలో అన్నిటికంటే ముందు ముగిసే గడువు ఏది. ఈ మూడూ అడక్కుండా "రాసెయ్" అనో "వద్దులే" అనో చెప్పేవాళ్ల సలహా నేనైతే పట్టించుకోను. ఏళ్ల తరబడి జీఆర్‌ఈ చెబుతున్నాను కదా, రీటేక్ మాట వచ్చినప్పుడల్లా నా చెవినపడే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి చూద్దాం.

అపోహ: వెర్బల్, క్వాంట్ కలిపి 320 దాటకపోతే మళ్లీ రాయాల్సిందే

ఈ 320 ఎవరు పెట్టిన గీతో నాకిప్పటికీ అంతుపట్టదు. పరీక్ష నడిపే ఈటీఎస్ ఇచ్చే స్కోరు రిపోర్టులో మొత్తం అనే గడే ఉండదు. వెర్బల్ విడిగా, క్వాంట్ విడిగా, ఒక్కోటి 130 నుంచి 170 లోపు. ఎస్సే సున్నా నుంచి 6 దాకా, అర మార్కు చొప్పున. ఆ కూడిక మనం చేసుకుంటున్నదే.

కూడేసరికి అసలు సంగతి మరుగున పడిపోతుంది. వెర్బల్‌లో 160 వచ్చిందంటే రాసినవాళ్లలో నూటికి ఎనభై మందికి పైగా నీ వెనకే ఉన్నట్టు. క్వాంట్‌లో అదే 160 ఇంచుమించు మధ్య వరుసే. క్వాంట్ 170, వెర్బల్ 150 తెచ్చుకున్నవాడికీ, రెండిట్లోనూ 160 తెచ్చుకున్నవాడికీ మొత్తం 320యే. కంప్యూటర్ సైన్స్ కమిటీ ముందు ఈ ఇద్దరూ ఒకటి కారు, చరిత్ర శాఖ ముందు అసలే కారు. కాబట్టి నీ సబ్జెక్టుకు ఏ సెక్షన్ ముఖ్యమో దాని పర్సంటైల్, అంటే నూటికి ఎంతమంది నీ వెనక ఉన్నారన్నది చూసుకో. ఆ పట్టికను ఈటీఎస్ ఎప్పటికప్పుడు సవరిస్తూ ఉంటుంది, సీనియర్లు పంపిన పాత స్క్రీన్‌షాట్ చూసి బెంబేలెత్తిపోవద్దు.

అపోహ: రెండోసారి రాస్తే స్కోరు పెరుగుతుంది

దీని దగ్గర కాస్త ఆగాలి. నేనూ ఒకప్పుడు నమ్మిన మాటే ఇది.

ఇద్దరిని ఊహించుకోండి. ఇద్దరికీ క్వాంట్‌లో 160 వచ్చింది. మొదటివాడికి మాక్‌లలో 165, 166 వచ్చేవి. రెండోవాడికి 157, 158. మళ్లీ రాయమని నేను చెప్పేది మొదటివాడికే. వాడికి ఆరోజు ఏదో తేడా కొట్టింది, నిద్ర కావచ్చు, కంగారు కావచ్చు, ఒక లెక్క దగ్గర నాలుగు నిమిషాలు ఇరుక్కుపోయి ఉండొచ్చు. రెండోవాడు తన స్థాయి కంటే ఎక్కువే తెచ్చుకున్నాడు. చదువులో ఏ మార్పూ లేకుండా మళ్లీ కూర్చుంటే 158కి జారే అవకాశమే ఎక్కువ. తమాషా ఏంటంటే, మళ్లీ రాస్తానని పట్టుబట్టేది తరచుగా ఈ రెండోవాడే. "ఊపు మీదున్నాను మేడమ్" అంటాడు.

పైగా ఏ పరీక్ష స్కోరులోనైనా కొలతలో కొంత ఊగిసలాట ఉంటుంది. జీఆర్‌ఈలో అది ఒక్కో సెక్షన్‌కు సుమారు రెండు పాయింట్లు. అంటే 160 నుంచి 162కి వెళ్లడం మెరుగుదల కావచ్చు, కాకపోనూ వచ్చు. చాలా ఏళ్ల కిందట ఒక అబ్బాయిని "ఇంకొక్కసారి రాసెయ్, నాలుగు పెరుగుతాయి" అని పంపాను. ఇరవై నాలుగు రోజుల తర్వాత రెండు తగ్గి వచ్చాడు. మధ్యలో ఏం చదివావని అప్పుడడిగాను, ముందు అడగాల్సింది. పాత పుస్తకమే మళ్లీ తిరగేశాడట. మారింది తేదీ ఒక్కటే.

అప్పట్నుంచి స్కోరు కంటే ముందు తప్పుల పుస్తకం అడుగుతున్నాను. మాక్‌లో పోయిన ప్రతి ప్రశ్నకూ ఒక వరుస: ఎందుకు పోయింది, ఎంతసేపు పట్టింది, రాకపోవడమా, తొందరా. ఒకమ్మాయి పుస్తకంలో ఇలాంటిది కనిపించింది. x సున్నా కంటే పెద్దది. ఒకవైపు x వర్గం, రెండోవైపు x. ఏది పెద్దది? ఆమె 2 పెట్టి చూసింది, 3 పెట్టి చూసింది, వర్గమే పెద్దదని గుర్తు పెట్టేసింది. అర పెడితే వర్గం పావు అవుతుంది, x పెద్దదైపోతుంది. ఒకటి పెడితే రెండూ సమానం. అంటే జవాబు "చెప్పలేం". ఇదే పొరపాటు వేరే వేరే వేషాల్లో ఆరు చోట్ల ఉంది, భిన్నం ఉంటుందన్న ఆలోచనే లేకపోవడం. ఇలాంటివి మూడు వారాల్లో సరైపోతాయి. ఆమెను ధైర్యంగా మళ్లీ రాయమన్నాను.

పుస్తకం నిండా టెక్స్ట్ కంప్లీషన్ (వాక్యాల్లో ఖాళీలకు సరైన పదం ఎంచుకునే ప్రశ్నలు) తప్పులూ, పొడవాటి పాసేజీలో రచయిత ఎటువైపు మాట్లాడుతున్నాడో అందకపోవడమూ ఉంటే లెక్క వేరు. అది నెలల తరబడి చదివితే వచ్చే పట్టు. ఇరవై రోజుల్లో వెయ్యి పదాలు బట్టీపట్టి వెర్బల్‌లో పది పెంచుకుంటానని ఎవరైనా వస్తే నేను వారించే చూస్తాను.

మాక్ అంటే ఏ మాక్ అన్నది కూడా చూడాలి. ఈటీఎస్ వాళ్ల పవర్‌ప్రెప్‌లో ఉచితంగా ఇచ్చే రెండు టెస్టులు అసలు పరీక్షకు దగ్గరగా ఉంటాయి. వాటినే మూడోసారి రాసి 168 వచ్చిందంటే అది జ్ఞాపకశక్తికి వచ్చిన మార్కు.

అపోహ: ఎన్నిసార్లు రాశామో యూనివర్సిటీకి తెలిసిపోతుంది

స్కోర్‌సెలెక్ట్ అనే పద్ధతి 2012 నుంచీ ఉంది. పరీక్ష రోజున అయితే ఆ రోజు స్కోరు ఒక్కటే పంపొచ్చు, లేదా గత ఐదేళ్లలోవన్నీ పంపొచ్చు. తర్వాత పంపేటప్పుడు నీకు నచ్చిన సిట్టింగ్‌ను, అంటే ఒకసారి రాసిన పరీక్షను ఏరుకోవచ్చు. పంపని స్కోరు ఉన్నట్టు రిపోర్టులో ఎక్కడా కనిపించదు.

కాకపోతే ఒక మెలిక ఉంది. సిట్టింగ్ మొత్తంగానే వెళ్తుంది. మొదటిసారి క్వాంటూ రెండోసారి వెర్బలూ అతికించి పంపడం కుదరదు. రెండు రిపోర్టులూ పంపితే ఏ సెక్షన్‌లో ఎక్కువుంటే అది తీసుకునే ప్రోగ్రాంలు కొన్ని ఉన్నాయి, అలా చూడనివీ ఉన్నాయి. ఆ శాఖకే ఒక మెయిల్ పెట్టి అడిగెయ్. వాళ్లు రోజూ సమాధానం చెప్పే ప్రశ్నే అది.

అపోహ: రెండో సెక్షన్ తేలిగ్గా వచ్చిందంటే అంతా పోయినట్టే, స్కోరు రద్దు చేసుకోవాలి

మొదటి సెక్షన్ ఎలా చేశావన్నదాన్ని బట్టి రెండో సెక్షన్ కష్టం మారుతుందన్నది నిజం. వెర్బల్‌కు వెర్బల్, క్వాంట్‌కు క్వాంట్. కానీ గడియారం పరుగెడుతుంటే అక్కడ కూర్చుని "ఇది తేలికదే" అని తేల్చగలిగేవాళ్లను నేను చూడలేదు. బాగా చదువుకున్నవాడికి కష్టమైనదీ తేలిగ్గానే అనిపిస్తుంది.

రద్దు చేసుకోవాలా అని కంప్యూటర్ అడిగేది స్కోరు చూపించక ముందు. రద్దు చేసినా ఆ ప్రయత్నం లెక్కలోకి వస్తుంది. ఏ స్కోరు పంపాలో ఏరుకునే వీలున్నప్పుడు, చూడకుండానే చించేయడం ఎందుకు? కనీసం ఎక్కడ దెబ్బతిన్నావో తెలుస్తుంది కదా.

అపోహ: ఎస్సేలో 3.5 వచ్చింది, దానికోసమైనా రాయాలి

ప్రోగ్రాం పేజీలో ఎస్సేకు కనీస మార్కు రాసి ఉండి, నీది దానికంటే తక్కువైతే రాయి. లేకపోతే వదిలెయ్. ముప్పై నిమిషాల ఒక్క వ్యాసం కోసం మిగతా రెండిటినీ మళ్లీ పందెం కాయడం నాకు నచ్చదు.

అపోహ: ఇంకా బోలెడు టైం ఉంది

నిబంధనలు ఇవీ: రెండు పరీక్షల మధ్య 21 రోజులు ఉండాలి, ఏ పన్నెండు నెలలు తీసుకున్నా ఐదుసార్లకు మించకూడదు. ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టు. గడువు డిసెంబర్ 15 అనుకుందాం. నవంబర్ 3న మొదటిసారి రాస్తే, మళ్లీ రాయగలిగేది నవంబర్ 24 నుంచే. స్కోరు డిసెంబర్ మొదటి వారంలో వస్తుంది. అది యూనివర్సిటీకి చేరాలి, వాళ్లు నీ ఫైల్‌తో జత చేసుకోవాలి. సరిపోతుంది, కానీ పరీక్షకు రెండు రోజుల ముందు జ్వరం వస్తే సరిపోదు.

అన్నట్టు, ఆ మూడు వారాలు ఖాళీగా ఉండేవేం కావు. ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నావో చెప్పే వ్యాసం) రాసేదీ, రికమెండేషన్ లెటర్ల కోసం ప్రొఫెసర్ల వెంట తిరిగేదీ అప్పుడే. క్వాంట్ 166 ఉన్నవాడు 168 కోసం కూర్చుని, ఎస్‌ఓపీని చివరి రాత్రి గిలికి పంపడం ఎన్నిసార్లు చూశానో.

2020 తర్వాత చాలా శాఖలు జీఆర్‌ఈని ఐచ్ఛికం చేశాయి, కొన్ని పూర్తిగా తీసేశాయి. అందుకే యూనివర్సిటీ పేజీ కాదు, శాఖ పేజీ చూడమంటాను. ఒకే యూనివర్సిటీలో ఒక శాఖ తప్పనిసరి అంటుంది, పక్క శాఖ పంపినా చూడనంటుంది. "పంపితే చూస్తాం" అన్నచోట స్కోరు నీకు బలమైతేనే పంపు.

అపోహ: పాత స్కోరు, పాత పద్ధతి పరీక్షది, ఇక పనికిరాదు

2023 సెప్టెంబర్‌లో పరీక్షను కుదించారు. మూడు గంటల నలభై ఐదు నిమిషాలది గంటా 58 నిమిషాలకు వచ్చింది, రెండు ఎస్సేల్లో ఆర్గ్యుమెంట్ ఎస్సే (ఇచ్చిన వాదనను విశ్లేషించేది) పోయింది. కొలమానం మాత్రం మారలేదు. రాసిన తేదీ నుంచి ఐదేళ్లు నిండకపోతే ఆ స్కోరు చెల్లుతుంది.

ఇక 161, 152 అమ్మాయి సంగతి. మర్నాడు పొద్దున్నే మూడూ రాసి పంపింది. మాక్‌లలో క్వాంట్ 161, 162, అంటే అక్కడ తేడా ఏం లేదు. వెర్బల్ 157, 158. అక్కడ ఐదారు పడిపోయాయి. ఏమైందని తరచి అడిగితే, రెండో వెర్బల్ సెక్షన్‌లో 15 ప్రశ్నలకు 23 నిమిషాలైతే, ఒక్క పొడవాటి పాసేజీ దగ్గరే ఏడు నిమిషాలు పోయాయట. చివరి నాలుగూ చదవకుండానే వదిలేసిందట. నెగెటివ్ మార్కులు లేని పరీక్షలో ఖాళీగా! ఏడు ప్రోగ్రాంలలో మూడు జీఆర్‌ఈ చూడనే చూడవు, రెండిట్లో ఐచ్ఛికం, రెండిట్లో తప్పనిసరి. మొదటి గడువుకు రెండు నెలలుంది.

డేట్ తీసుకోమన్నాను. క్వాంట్ పుస్తకం లోపల పెట్టెయ్, గడియారం ఎదురుగా పెట్టుకుని రోజుకు ఒక వెర్బల్ సెక్షన్ చెయ్, మూడు నిమిషాల్లో తేలని పాసేజీని గుర్తు పెట్టుకుని ముందుకెళ్లిపో, చివర్లో వెనక్కి రావచ్చు అని చెప్పాను. పరీక్ష వచ్చే గురువారం. ఈలోగా ఎస్‌ఓపీ రెండో డ్రాఫ్ట్ పంపమని కూడా చెప్పాను. అది మాత్రం ఇంకా రాలేదు.